పదకొండు మందితో సీజన్ గడవదు

సీజన్‌కు ముందు నలుగురు ఫుట్‌బాల్ అభిమానులు కలిస్తే ముందుగా తయారయ్యేది పదకొండు పేర్ల జాబితా. కొత్తగా కొన్న వింగర్‌కు ఎడమవైపు చోటు, మధ్యలో కెప్టెన్, ముందు స్ట్రైకర్. ఆ జాబితా చూసుకుని ‘ఈసారి టైటిల్ మనదే’ అనో, ‘టాప్ ఫోర్ కూడా కష్టమే’ అనో తేల్చేస్తారు. ఆ ఉత్సాహాన్ని తప్పుపట్టలేం, అభిమానికి ఆగస్టు అంటేనే ఆశ. కానీ మనం రాసుకున్న ఆ పదకొండు మంది కలిసి బరిలోకి దిగే మ్యాచ్‌లు సీజన్ మొత్తంలో చాలా తక్కువ. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోనే 38 మ్యాచ్‌లుంటాయి. రెండు కప్పులు, యూరప్ పోటీలు కలిస్తే పెద్ద జట్లకు అవి 50 దాటిపోతాయి. 2021-22లో లివర్‌పూల్ ఏకంగా 63 మ్యాచ్‌లు ఆడింది. అందుకే ఎవరు ఆడతారన్నది కాదు, ఎవరు లేకపోతే ఆట ఎక్కడ కుప్పకూలుతుందన్నదే జట్టు అసలు బలం చెబుతుందని నా అభిప్రాయం.

దీనికి అదే లివర్‌పూల్ 2020-21 సీజన్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడదు. అంతకుముందు సీజన్‌లోనే, 30 ఏళ్ల నిరీక్షణ తర్వాత, 99 పాయింట్లతో లీగ్ గెలిచిన జట్టు అది. ఆ రెండు సీజన్ల మధ్య విరామంలో మిడ్‌ఫీల్డర్ థియాగో, ఫార్వర్డ్ జోటా వచ్చారు. అభిమానుల మాటలన్నీ వాళ్ల చుట్టూనే తిరిగాయి. అదే సమయంలో సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో నిలబడే ఆటగాడు) లోవ్రెన్ రష్యా క్లబ్ జెనిత్‌కు వెళ్లిపోయాడు, అతని స్థానంలో ఆ పొజిషన్‌కు అనుభవజ్ఞుడెవరినీ తీసుకోలేదు. మిగిలింది వాన్ డైక్, గోమెజ్, మాటిప్. ముగ్గురూ మేటి ఆటగాళ్లే. అయితే గోమెజ్, మాటిప్ తరచూ గాయాలపాలవుతారని ఆ జట్టును అనుసరించే ప్రతి ఒక్కరికీ తెలుసు. కాగితం మీద ముగ్గురు కనిపించినా, పూర్తి సీజన్‌కు భరోసా ఇవ్వగలిగింది ఒక్క వాన్ డైక్ మాత్రమే.

అక్టోబర్ 17న ఎవర్టన్‌తో మ్యాచ్‌లో వాన్ డైక్ మోకాలి లిగమెంట్ దెబ్బతింది. నవంబర్‌లో ఇంగ్లండ్ జట్టు ప్రాక్టీస్‌లో గోమెజ్ మోకాలు పోయింది. జనవరి చివరికల్లా మాటిప్ కూడా సీజన్‌కు దూరమయ్యాడు. దీన్ని చాలామంది దురదృష్టం అన్నారు. ఉన్న ముగ్గురూ పోవడం దురదృష్టమే, కాదనను. కానీ ఆ తర్వాత జరిగిందాన్ని దురదృష్టం ఖాతాలో వేయలేం. డిఫెన్స్‌లో పడిన ఖాళీని పూడ్చడానికి మిడ్‌ఫీల్డ్ నుంచి ముందు ఫాబిన్యోను, తర్వాత హెండర్సన్‌ను వెనక్కి లాగారు. దాంతో ఒక చోట ఉన్న లోటు రెండు చోట్లకు పాకింది. ప్రత్యర్థి నుంచి బంతిని లాక్కునే మనిషి, ఆటకు వేగం ఇచ్చే మనిషి ఇద్దరూ మధ్యలో లేకుండా పోయారు. వెనక నుంచి బంతి అందక ముగ్గురు ఫార్వర్డ్‌లు కూడా తేలిపోయారు. సొంతగడ్డ ఆన్‌ఫీల్డ్‌లో లీగ్‌లో 68 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగిన జట్టు, అదే మైదానంలో వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడింది. ఆటగాళ్లను కొనడానికి వీలుండే జనవరి విండో ముగుస్తుండగా కబాక్‌ను అరువు మీద, బెన్ డేవిస్‌ను కొనుగోలు మీద తెచ్చుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. సీజన్ చివర్లో కోచ్ క్లాప్ ఫాబిన్యోను తిరిగి మిడ్‌ఫీల్డ్‌కు పంపాడు. డిఫెన్స్‌లో నాట్ ఫిలిప్స్ పక్కన కబాక్, ఆ తర్వాత రీస్ విలియమ్స్ నిలబడ్డారు. పేర్లు చూస్తే అది అంతకుముందు కన్నా బలహీనమైన డిఫెన్స్. అయినా ఆఖరి పది లీగ్ మ్యాచ్‌లలో లివర్‌పూల్ ఒక్కటి కూడా ఓడలేదు, ఎనిమిది గెలిచింది. వెస్ట్ బ్రామ్‌పై 95వ నిమిషంలో కార్నర్ కోసం గోల్‌కీపర్ అలిసన్ మైదానమంతా పరుగెత్తుకొచ్చి తలతో గోల్ కొట్టింది ఆ వరుసలోనే. 69 పాయింట్లతో మూడో స్థానం దక్కింది. ఎవరి పని వాళ్లు చేసుకునే సాధారణ ఆటగాళ్లు, తమది కాని పనిలో పెట్టిన గొప్ప ఆటగాళ్ల కన్నా జట్టుకు ఎక్కువ ఉపయోగపడ్డారు. సీజన్‌కు ముందు బెంచ్‌ను లెక్కేసేటప్పుడు ‘అతను అక్కడ కూడా ఆడగలడులే’ అని మనం తేలిగ్గా అనేస్తాం. అక్కడ ఆడగలడు సరే, అతను వదిలి వచ్చిన చోట ఎవరు నిలబడతారు?

మాంచెస్టర్ సిటీకి 2024-25లో ఎదురైన కష్టం ఇదే కోవలోది, పైగా ముందే హెచ్చరిక ఉంది. 2023-24 లీగ్‌లో సిటీ ఓడింది మూడే మ్యాచ్‌లు: వుల్వ్స్, ఆర్సెనల్, ఆస్టన్ విల్లా మీద. మూడింటిలోనూ సస్పెన్షన్ కారణంగా మిడ్‌ఫీల్డర్ రోడ్రి లేడు. ఇంతకన్నా స్పష్టమైన రుజువు ఏ జట్టు విషయంలోనూ దొరకదు. అయినా ఆ వేసవిలో రోడ్రి లాంటి హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ (డిఫెన్స్‌కు ముందు నిలబడి కాచే ఆటగాడు) మరొకరు రాలేదు. ఒకప్పుడు ఆ పాత్ర కోసమే తెచ్చిన కాల్విన్ ఫిలిప్స్‌ను ఇప్స్‌విచ్‌కు అరువిచ్చారు. సెప్టెంబర్ 22న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో రోడ్రి మోకాలి గాయంతో బయటకు నడిచాడు. అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ 26 వరకు అన్ని పోటీల్లో కలిపి ఆడిన 13 మ్యాచ్‌లలో సిటీ గెలిచింది ఒక్కటే. వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన జట్టు మూడో స్థానంతో సరిపెట్టుకుంది.

అయితే తప్పంతా ఆ ఒక్క గాయం మీదకు నెట్టడం కూడా సరైన అంచనా కాదు. డి బ్రుయ్నే, గుండోగన్, వాకర్ అందరూ అప్పటికే 33 దాటినవాళ్లు. రోడ్రి ఉన్నంతకాలం వాళ్లు పరుగెత్తలేని దూరాన్ని అతను కవర్ చేశాడు. అతను తప్పుకోగానే వాళ్ల వయసు బయటపడింది. అభిమానులు రాసుకునే జాబితాలో పేరు పక్కన గోల్స్, అసిస్ట్‌లు ఉంటాయి. వయసు, గత రెండేళ్లలో ఆడిన నిమిషాలు మాత్రం ఉండవు. నాకైతే ఆ రెండే ముందు కావాలి.

గోల్స్ లెక్కలకు చిక్కని మనిషి విలువ ఎంతో లెస్టర్‌కూ అనుభవమే. 2015-16లో 81 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాక, గోల్స్ కొట్టిన వార్డీ, మారెజ్ ఇద్దరూ ఉండిపోయారని అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. ప్రధాన ఆటగాళ్లలో వెళ్లింది మిడ్‌ఫీల్డర్ కాంటే ఒక్కడే. మరుసటి ఏడాది లెస్టర్ 44 పాయింట్లతో 12వ స్థానానికి జారింది, కోచ్ రానియేరీ ఫిబ్రవరిలోనే ఉద్యోగం కోల్పోయాడు. కాంటేను తీసుకున్న చెల్సీ పదో స్థానం నుంచి 93 పాయింట్లతో ఛాంపియన్ అయింది. ఇందులో క్యాలెండర్ పాత్ర కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ ఏడాది చెల్సీకి యూరప్ మ్యాచ్‌లు లేవు, లెస్టర్ మాత్రం ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా ఆడింది. ఒకే స్క్వాడ్ 45 మ్యాచ్‌లకు చాలినంత ఉండి, 60 మ్యాచ్‌లకు చాలకపోవచ్చు. మ్యాచ్‌ల సంఖ్య చెప్పకుండా ‘మన స్క్వాడ్ లోతుగా ఉంది’ అనే మాటకు అర్థం లేదు.

గోల్‌కీపర్ గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. లోపముంటే అందరికీ కనబడుతుంది, మార్చితే ఫలితమూ త్వరగానే కనబడుతుంది. 2017-18లో లీగ్‌లో 38 గోల్స్ ఇచ్చిన లివర్‌పూల్ అలిసన్ వచ్చిన ఏడాది ఇచ్చింది 22. సగం సీజన్ ముందే వచ్చి చేరిన వాన్ డైక్‌కూ అందులో వాటా ఉంది.

ఇదంతా చదివి లోటు కనిపించిన ప్రతిచోటా డబ్బు పోయాలని నేనంటున్నట్టు అనుకోవద్దు. 2024 వేసవిలో లివర్‌పూల్ హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌గా జుబిమెండీని కోరుకుంది, అతను రానన్నాడు. అభిమానులు గగ్గోలు పెట్టారు. నిజానికి వాళ్లు గుర్తించిన లోటు సరైనదే. కానీ కొత్త కోచ్ స్లాట్ అప్పటికే జట్టులో ఉన్న గ్రావెన్‌బెర్క్‌ను ఆ స్థానంలో నిలబెట్టాడు. వేసవిలో వచ్చి ఆ సీజన్ ఆడింది కియెసా ఒక్కడే, అదీ అరకొరగా. ఆ జట్టే 84 పాయింట్లతో లీగ్ గెలిచింది. ఒక ఆటగాడు ఇప్పటిదాకా ఏం చేశాడో అభిమాని చూడగలడు. కోచ్ అతనితో కొత్తగా ఏం చేయించబోతున్నాడో బయటివాళ్లకు తెలియాలంటే ప్రీ-సీజన్ మ్యాచ్‌లే దారి.

అందుకే ఆ స్నేహపూర్వక మ్యాచ్‌ల స్కోరును నేను పట్టించుకోను, రెండో సగాన్ని మాత్రం వదలను. విరామంలో కోచ్ దాదాపు పదకొండు మందినీ మార్చేస్తాడు, చాలామంది అక్కడితో టీవీ కట్టేస్తారు. మనకు కావాల్సింది అప్పుడే మొదలవుతుంది. రెండో జట్టులో డిఫెన్స్ ముందు నిలబడింది ఎవరు? అతను బంతి అందుకోగానే ముందుకు తిరుగుతున్నాడా, వెనక్కే ఇచ్చేస్తున్నాడా? ఎడమ ఫుల్ బ్యాక్‌గా (డిఫెన్స్‌లో ఎడమ అంచున) దింపింది ఆ పొజిషన్ ఆటగాడినా, సర్దుబాటు చేసిన సెంటర్ బ్యాక్‌నా? ప్రీమియర్ లీగ్ జాబితాలో 25 మందికే చోటు, అందులో స్థానికంగా తయారుకాని ఆటగాళ్లు 17 మందికి మించకూడదు. 21 ఏళ్ల లోపు కుర్రాళ్లకు ఆ పరిమితి లేదు. కాబట్టి రెండో సగంలో అకాడమీ నుంచి వచ్చిన ఏ కుర్రాడికి కోచ్ వరుసగా అవకాశం ఇస్తున్నాడో కూడా చూసుకోవాలి. 2022-23 నుంచి ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లను దింపే వీలుంది, అంటే మొదటి పదకొండు మందిలో సగం దాకా మ్యాచ్ మధ్యలోనే మారిపోవచ్చు. 70వ నిమిషంలో, ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నప్పుడు మైదానంలోకి వచ్చేది వీళ్లే.