చివరి నుంచి ఐదో అక్షరం

నిన్న సాయంత్రం మా అమ్మాయి హైస్కూలు గ్రాడ్యుయేషన్ జరిగింది. ఇవాళ పొద్దుటి నుంచి ఇంట్లో ఎవరూ నా ముఖం వైపు చూడటం లేదు. చూస్తే నవ్వు ఆగడం లేదట.

అమెరికాలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు. ఒక్కో ఏడాదికి ఒక్కో పేరు: ఫ్రెష్‌మన్, సోఫమోర్, జూనియర్, సీనియర్. సోఫమోర్ అనే మాటలో గ్రీకువాళ్ల తెలివీ, తెలివితక్కువతనమూ పక్కపక్కనే ఉన్నాయని చెబుతారు. రెండో సగం పిల్లలకు ఏడాదిలో వదిలిపోతుంది. నాలాంటివాళ్లకు వదలదు.

స్కూలు ఫుట్‌బాల్ మైదానంలో కార్యక్రమం. పిల్లలకు గౌన్లు సర్దే పనికి మా ఆవిడ ముందే పేరిచ్చి లోపలికి వెళ్లిపోయింది. ఎండకు కాలిన రేకు బెంచీ మీద నేనొక్కణ్నే, పూలగుత్తితో. బ్యాండు మొదలైంది. ఎడ్వర్డ్ ఎల్గార్ 1901లో కట్టిన కవాతు బాణీ అది. 1905లో యేల్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చిన సభలో వాయించారు. అప్పుడు పట్టుకున్న అలవాటు ఈ దేశాన్ని ఇంకా వదల్లేదు. నాలుగు వందల పైచిలుకు పిల్లలు వచ్చి కూర్చునేదాకా అదే ముక్కను తిప్పి తిప్పి వాయించారు. ఆయన బతికి ఉంటే లేచి వెళ్లిపోయేవాడు.

పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో పిలుస్తారు. మాది వేమూరివారు. 'వి' చివరి నుంచి ఐదో అక్షరం. అంటే గంటకు పైనే సమయం ఉంది. ఈ లెక్క కట్టి, నా తెలివికి నేనే మురిసి, మంచినీళ్ల కోసం వెళ్లి వరుసలో నిలబడ్డాను. అక్కడుండగానే మైకులో తెలుగుపేరు లాంటిది ఏదో వినబడింది. పాపం, ఎవరో మనవాళ్ల పిల్ల, ఎండలో ఎక్కువసేపు మాడకుండానే గట్టెక్కింది అనుకున్నాను.

తిరిగి వచ్చి కూర్చుని, 'టి' మొదలైనప్పటి నుంచి ఫోను ఎత్తి పట్టుకున్నాను. అందరి పేర్లూ అయ్యేదాకా చప్పట్లు వద్దని ప్రిన్సిపాల్ ముందే బతిమాలుకున్నారు. అది మిగతావాళ్లకు చెప్పినట్టు నాకు అనిపించింది.

'వే...' అని వినబడింది. తరువాతి అక్షరాలు నేను పట్టించుకోలేదు. మన పేర్లను వీళ్లు ఎలాగూ విరిచేస్తారు, మొదటి ముక్క దక్కితే అదే పదివేలు. నల్లటి జడ, అదే ఎత్తు, అదే నీలం గౌను. నాలుగు వందల మందికీ ఒకే గౌనూ, ఒకే పలక టోపీ వేయించి, కన్నవాళ్లు మాత్రం అరక్షణంలో గుర్తుపట్టాలంటారు. ఇదేం ఏర్పాటో!

"అమ్ములూ!" అని అరిచాను.

నా గొంతు చిన్నది కాదు. మా తాతగారు కాలువ అవతలి మనిషిని ఇవతలి గట్టు మీద నుంచి పిలిచేవారు, ఆ ఆస్తి ఒక్కటే నాకు సంక్రమించింది. మైదానమంతా నిశ్శబ్దం. వేదిక మీద డిప్లొమా అందుకుంటున్న పిల్ల ఆగి, జనంలోకి చూసి, మర్యాదగా చెయ్యి ఊపింది. ఆ ముఖం నేను ఎన్నడూ చూడలేదు.

కూర్చుందామంటే కాళ్లు వంగలేదు. ముందు వరుసలో ఒక కుటుంబం మొత్తం నా వైపు తిరిగింది. ఆ పిల్ల తాతగారు కాబోలు, కళ్లనీళ్లతో లేచి వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపారు. తన మనవరాలిని ఇంతగా అభిమానించే ఈ పెద్దమనిషి ఎవరో ఉపాధ్యాయుడే అనుకున్నారు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. "చాలా మంచి పిల్ల" అని వచ్చింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది, "కష్టజీవి" అని కూడా అన్నాను. బామ్మగారు ఏడ్చేశారు. పూలగుత్తి ఆమె చేతిలోకి ఎలా వెళ్లిందో నాకు గుర్తు లేదు. అందరం కలిసి ఫోటో దిగాం.

'జెడ్' అయిపోయింది. మా అమ్మాయిని పిలవనే లేదు. కోపంతో రగులుతూ కిందికి దిగేసరికి మా ఆవిడ నవ్వుతూ ఎదురైంది. "విన్నారా? ఇంటిపేరు ముందు, పేరు తరువాత, అచ్చం మన పద్ధతిలో చదివారు!"

2021లో చేర్పించినప్పటి ఫారం నేనే నింపాను. ఫస్ట్ నేమ్ అన్నారు. మనకు ముందు వచ్చేది ఇంటిపేరు కదా, అదే రాశాను. లాస్ట్ నేమ్ దగ్గర చివర వచ్చేది రాశాను. అడిగినదానికి అక్షరాలా జవాబిస్తే తప్పు నాదెలా అవుతుంది? ఆఫీసు నుంచి ఒకామె ఫోన్ చేసి "పేర్లు సరిగ్గానే ఉన్నాయా?" అని అడిగింది కూడా. "ముమ్మాటికీ" అన్నాను. మార్కుల కాగితాల్లో నాలుగేళ్లూ రెండు పేర్లూ మన వరుసలోనే కనబడుతుంటే, ఎంత చక్కని స్కూలు అనుకున్నాను.

పిల్ల అసలు పేరు అకారంతో మొదలవుతుంది. అందువల్ల నాలుగేళ్లూ హాజరు పట్టీలో అది మొదటి పదిమందిలో ఉంది. లాకరూ అక్కడే, ల్యాబులో జోడీ అక్కడే, ప్రాణస్నేహితులంతా 'ఏ', 'బి' ఇంటిపేర్లవాళ్లే. క్లాసంతా దాన్ని 'వేమూ' అని పిలుస్తారట. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు తలుపు తట్టి "వేమూ ఉన్నారా?" అంటే "నేనే, చెప్పు బాబూ" అన్నాను. వాడు భయపడి వెళ్లిపోయాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను.

"మొదటి నెలలోనే చెప్పాను నాన్నా. ఫోన్ చూసుకుంటూ, పేరులో ఏముందిలే అన్నావు."

రాత్రి ఆ తాతగారు ఫోటో పంపారు. అడిగితే నంబరు కూడా ఇచ్చాను మరి. బామ్మగారి పక్కన నేను బాగానే పడ్డాను.