ఏసీ క్లాస్‌రూమ్‌కి ఫీజు ఎక్కువ, గాలి తక్కువ

మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లి మావాడి రెండో తరగతి గది తలుపు తీశానో లేదో గుప్పుమని కొట్టింది వాసన, బాక్సుల్లో పులిహోర, సాక్సులు, బోర్డు మార్కర్లు అన్నీ కలిపి. కిటికీలన్నీ బిగించేసి ఉన్నాయి, ఏసీ ఉంది కదా మరి! ఆ ఏసీకి ఫీజులో వేరే కడుతున్నాం.

చాలామందికి తట్టని సంగతేంటంటే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే లాక్కుని చల్లబరిచి మళ్లీ అక్కడే వదుల్తుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) పైచిలుకు ఉంటుంది, లోపల 1000 దాటిందంటే గాలి సరిగా మారట్లేదని లెక్క. 20 బై 25 అడుగుల గదిలో 40 మంది పిల్లల్ని కూర్చోబెట్టి అన్నీ మూసేస్తే 1000 దాటడానికి పావుగంట కూడా పట్టదు, నేను కూర్చుని లెక్కేశా. 1000 అంటే విషమేం కాదు లెండి, కానీ పక్కోడు వదిలిన ఊపిరే మనోడు పీలుస్తున్నాడని అర్థం, ఒకడికి జలుబు చేస్తే బెంచీ మొత్తానికి అంటుకునేది ఇలా కూడా, ఇక మూడో పీరియడ్‌కి ఆవలింతలు మొదలైతే పిల్లాడికి శ్రద్ధ లేదని డైరీలో రాసి పంపుతారు.

సర్కారు బడిలో అంతా బాగుందనట్లేదు. కిటికీలు తెరిచే ఉంటాయి, పాత పెంకుల బడుల్లో అయితే గోడ పైన వెంటిలేటర్లు కూడా, వేడిగాలి అట్నుంచి పోయేది. కాకపోతే వంట షెడ్డు పక్కనే ఉండి కట్టెల పొయ్యి వెలిగిస్తే పదకొండింటికల్లా పొగంతా ఒకటో తరగతిలోనే.

హైదరాబాద్ సనత్‌నగర్‌లో గాలి కొలిచే స్టేషన్ ఉంది, కానీ అది చెప్పేది బయటి సంగతి, క్లాస్‌రూమ్ లోపలిది కాదు. జపాన్‌లో క్లాస్‌రూమ్ 1500 పీపీఎం లోపు ఉండాలని ప్రమాణం పెట్టుకున్నారు, ఇంగ్లండ్‌లో కోవిడ్ టైంలో, 2021లో, స్కూళ్లకి కార్బన్ డయాక్సైడ్ కొలిచే మానిటర్లు దాదాపు 3 లక్షలు ఇస్తామని చెప్పి పంచారు.

కిటికీ తీస్తే రోడ్డు దుమ్ము, బస్సుల పొగ అంటారు, నిజమే. రోడ్డు వైపువి మూసి వెనకవి తీయొచ్చు, ఇంటర్వెల్‌లో పది నిమిషాలు తలుపులు బార్లా పెట్టొచ్చు, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించొచ్చు. ఇదే ఆ మీటింగ్‌లో అడిగితే కోఆర్డినేటర్ మేడం నవ్వుతూ అన్నారు, "మావన్నీ కొత్త ఇన్వర్టర్ ఏసీలే సార్" అని.