మొక్కు సరే, వంతు ఎవరిది?

చిత్తూరు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా బిడ్డకు వయసొచ్చినా మాట రాలేదనో నడక రాలేదనో తెలిస్తే, డాక్టర్ పేరు కంటే ముందు చుట్టాల నోట వచ్చేది కాణిపాకం పేరు. దానికి తగ్గ కథ కూడా ఉంది. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినపడదు, ఒకరికి మాట లేదు. ఎండిన బావిని లోతు చేద్దామని తవ్వుతుంటే పార రాతికి తగిలి రక్తం చిమ్మింది. అది తాకగానే ముగ్గురూ బాగైపోయారు. అక్కడ పారే బాహుదా నదికీ అలాంటి కథే. తెగిన చేతులు ఆ నీళ్లలో మునగగానే లిఖితుడనే మునికి తిరిగొచ్చాయంటారు.

కథ చెప్పేవాళ్లంతా రక్తం చిమ్మిన చోట ఆగి దణ్ణం పెట్టుకుంటారు. నా ధ్యాస మాత్రం అంతకు ముందున్న భాగం మీదే. ఆ రాతి రూపంలో వినాయక స్వామి బయటపడక ముందే ఆ ముగ్గురికీ భూమి ఉంది. ఏతంతో నీళ్లు తోడి పైరు తడుపుకుంటున్నారు. నీళ్లు చాలకపోతే బావిలోకి దిగి తవ్వుకుంటున్నారు. అయ్యో పాపమని వాళ్లను ఎవరూ అరుగు మీద కూర్చోబెట్టలేదు. ఆ రోజు ఏ మహిమా జరగకపోయినా వాళ్లు రైతులే. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

చిత్తూరులో ఉన్న మా అన్న కూతురికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికల మీద అదుపు సరిగా ఉండదు. మాటలు తక్కువే గానీ మనుషుల్ని భలే పసిగడుతుంది. ఫోన్‌లో నా గొంతు వినపడితే చాలు, "అత్త" అంటుంది. మా వదినకు వచ్చిన సలహాలకు లెక్కలేదు. తలనీలాలు, ముడుపు, గంగమ్మ జాతరలో మొక్కు, మోకాళ్ల పర్వతం నిజంగానే మోకాళ్ల మీద ఎక్కడం. వీటన్నిటి చివర "పోయిన జన్మలో ఏం చేసుకున్నారో" అన్న మాట. అది అన్న పెద్దావిడ ప్రేమగానే అంది, కళ్లు తుడుచుకుంటూ అంది. అందుకే ఇంకా కష్టం, ఆమెతో పోట్లాడటానికి కూడా లేదు.

వదినకు భక్తి తక్కువేం కాదు. శనివారం ఒంటిపొద్దు ఎప్పుడూ తప్పదు. ఆమె పేచీ స్వామితో కాదు, స్వామి పేరు చెప్పి తనకు పనులు పురమాయించేవాళ్లతో. "సామి నాకేమీ బాకీ లేడు అమ్మణ్ణీ. ఒక్క పగలు బిడ్డను పట్టుకునేవాళ్లుంటే నేనూ కొండకు పోయొస్తా" అంది నాతో. మొక్కు చెప్పేవాళ్లు ఇంటినిండా ఉన్నారు, వంతు తీసుకునేవాళ్లే లేరు. (ఇది చదివితే మా పెద్దమ్మ కొన్నాళ్లు నాతో మాట్లాడదు. ఫరవాలేదు.)

నిజానికి ఈ విషయంలో మనకన్నా తిరుమల తిరుపతి దేవస్థానమే నయం. తిరుపతిలో వైకల్యం ఉన్నవాళ్ల కోసం బర్డ్ ఆస్పత్రి నడుపుతోంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు బడి పెట్టింది. బిడ్డ పేరున అన్నదానానికి అమెరికా నుంచి డాలర్లు పంపే మనవాళ్లలో, బర్డ్ ట్రస్టుకు కూడా విరాళం ఇవ్వొచ్చని ఎంతమందికి తెలుసు?

ఇక ఇక్కడ మన తెలుగు సంఘం సంగతి. అమెరికాలో ఇలాంటి పిల్లలకు బడిలో చదువు చెప్పాలని 1975 నుంచే చట్టం ఉంది. బిడ్డకు తగ్గట్టు చదువు ఎలా చెప్పాలో తేల్చే ఐఈపీ మీటింగులకు మనవాళ్లు బడికి తప్పకుండా వెళ్తారు. కానీ ఊళ్లో బామ్మకు చెప్పరు, చెల్లెలి సంబంధానికి అడ్డమొస్తుందని భయం. ఉగాది పండక్కి హాలుకీ తీసుకురారు. ఎలా తెస్తారు? ఆ స్పీకర్ల మోత పెద్దవాళ్లమే తట్టుకోలేం. పక్కన ఒక గది ఖాళీగా ఉంచి, ఆ పిల్లలకు లైన్లో నిలబడే పని లేకుండా ముందే భోజనం పెట్టడానికి ఖర్చెంతవుతుంది? యాంకర్‌కు ఇచ్చేదానిలో పదో వంతు కూడా కాదనుకుంటా.

"మా తర్వాత ఎవరు?" అని ఆ తల్లిదండ్రులు అడిగితే "దేవుడున్నాడు" అంటాం. ఉన్నాడు, సరే. కానీ బిడ్డకు 18 నిండాక ఇండియాలో తల్లిదండ్రులు కూడా తమంతట తామే చట్టప్రకారం సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. దాన్ని చూసే కమిటీలో కలెక్టర్ ఉంటారు. రేపు ఆ తల్లిదండ్రులు లేని రోజున ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది దేవుడు కాదు, మనలో ఎవరో ఒకరు. ఎవరన్నది వాళ్లుండగానే తేల్చుకోవాలి.

ఈ వేసవికి ఊరెళ్లి కొండకు టికెట్లు తీసేవాళ్లు ఆ ఇంటి తల్లికీ ఒకటి తీయండి. బిడ్డను వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వద్దంటే ఆ రోజు ఇంట్లో ఎవరుంటారో ముందే ఒప్పుకోండి. మందు ఏ వేళకు వేయాలి, అన్నం ఎంత మెత్తగా పిసకాలి, ఏడుపు మొదలైతే ఏ పాట పెట్టాలి, ఇవన్నీ ఆమెను అడిగి రాసుకోండి.