సవరణ: బీపీ మాత్ర మానొద్దు

మొన్న ఆర్కే బీచ్‌లో పెద్దవాళ్ల ప్రాణాయామం గురించి రాస్తూ, రోజూ చేస్తే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఉండదని, బీపీ మాత్రతో పనిలేదని అన్నాను. రెండూ తప్పే. అది చదివి మా పక్కింటి మామ్మగారు మాత్ర ఆపేశారు. స్ట్రిప్‌లో రెండు రోజులవి అలాగే కనిపించేసరికి నా గుండె ఝల్లుమంది. క్షమించండి.

కార్టిసాల్ విషం కాదు, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల హార్మోన్. పొద్దున లేచిన అరగంటకి బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. టెన్షన్‌లో పెరగాలి కూడా. వయసు మీదపడితే మళ్లీ దిగడానికి ఎక్కువసేపు పట్టొచ్చు. నిదానంగా ఊపిరి వదులుతుంటే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. సాధనతో మేలు అక్కడే. మాత్ర సంగతి మాత్రం డాక్టరే చెప్పాలి.

మామ్మగారు మళ్లీ వేసుకుంటున్నారు, ప్రాణాయామమూ మానలేదు.