సర్వర్‌కి 'ఆటోమేటిక్ కొట్టేస్తే చాలు' అనేది తప్పు

కర్నూలు, నంద్యాల వైపు సిస్టమ్ అడ్మిన్ పిల్లోల్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతాంది. "లినక్స్ సర్వర్‌కి మాన్యువల్ పార్టిషనింగ్ పాతకాలం పని, టైమ్ వేస్ట్, ఆటోమేటిక్ పెట్టి నెక్స్ట్ కొట్టండి, ఇన్‌స్టాలర్‌కి మీకంటే బాగా తెలుసు, తేడా వస్తే ఎల్వీఎం ఉందిగా, తర్వాత మార్చుకోవచ్చు" అని. పార్టిషనింగ్ అంటే డిస్క్‌ని భాగాలుగా పంచడం, ఎల్వీఎం అంటే ఆ భాగాల సైజు తర్వాత మార్చుకునే ఏర్పాటు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినోళ్లు దీన్ని నమ్మి ఆఫీసుల్లో సర్వర్లు వేస్తాన్నారు, అందుకే రాస్తున్నా.

ఇన్‌స్టాలర్‌కి ఏం తెలుసు? డిస్క్ సైజు తెలుసు. దాని మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడుస్తాదా ఫైల్ షేరింగా అనేది దానికెవరు చెప్పారు? రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా అనే లినక్స్ రకాల్లో (డిస్ట్రోల్లో) ఆటోమేటిక్ ఇస్తే పెద్ద డిస్క్ అయినా సిస్టమ్ ఉండే రూట్‌కి 70 జీబీ ఇచ్చి, మిగిలిందంతా యూజర్ల ఫైళ్లుండే /హోమ్‌కి పోస్తాది. ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి బిల్లింగ్ సర్వర్ చూసినా, 1 టీబీ డిస్క్, సీజన్ మధ్యలో డేటాబేస్ ఆగిపోయింది. డిస్క్ వాడకం చూపే డీఎఫ్ కమాండ్ కొడితే రూట్ 100 శాతం, /హోమ్ ఏమో 800 జీబీ పైచిలుకు ఉండి వాడకం 1 శాతం. డేటాబేస్ ఉండేది /వార్/లిబ్ కింద, అంటే రూట్‌లోనే. తూకం అయిపోయిన రైతులు బిల్లు కోసం బయట నిలబడినారు.

మరి ఎల్వీఎం ఉంది కదా అంటే, జనం బోల్తా పడేది ఇక్కడే. ఆ డిస్ట్రోల్లో డిఫాల్ట్ ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు దాచే పద్ధతి) ఎక్స్ఎఫ్ఎస్, 2014లో వచ్చిన రెడ్ హ్యాట్ 7 నుంచీ అంతే, దాన్ని పెంచొచ్చు గానీ తగ్గించి ఆ జాగా రూట్‌కి ఇవ్వలేం. /హోమ్ బ్యాకప్ తీసి, దాని వాల్యూమ్ (ఎల్వీఎం చేసిన భాగం) పీకేసి, చిన్నగా మళ్లీ చేసి, డేటా వెనక్కి పోయాలి, అదీ షాపు మూసినాక. వాల్యూమ్ గ్రూపులో, అంటే ఈ భాగాలన్నీ జాగా తీసుకునే ఉమ్మడి కుప్పలో, ఖాళీ వదిలినప్పుడే ఎల్వీఎం ఆదుకుంటాది. ఈ విషయంలో ఉబుంటు సర్వర్ నయం, 200 జీబీ దాటిన డిస్క్ అయితే రూట్‌కి 100 జీబీ ఇచ్చి మిగతాది వదిలేస్తాది. డిస్క్ సగం మాయమైందని కంగారు పడేవాళ్లు చాలామంది, యాడికీ పోలేదు సామీ, గ్రూపులోనే ఉంది.

రెండు డిస్కులుంటే ఎట్లా అనేది మెసేజ్‌లో లేనే లేదు. రెడ్ హ్యాట్ ఇన్‌స్టాలర్‌లో రెండిటికీ టిక్ పెట్టి ఆటోమేటిక్ ఇస్తే రెయిడ్ (డిస్కులు జతచేసి ఒకటి పోయినా డేటా నిలిపే ఏర్పాటు) రాదు, రెండూ కలిపి ఒకే గ్రూపు అవుతాది, ఒక డిస్క్ పోతే రెండోదాంట్లో డేటా కూడా పోయినట్టే. మిర్రర్, అంటే ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండటం, కావాలంటే చేత్తో పెట్టాల్సిందే, వేరే దారి లేదు.

టైమ్ వేస్ట్ అనేది కూడా నిజం కాదు, లేఅవుట్ ఒకసారి ఇన్‌స్టాలర్ తానే చదువుకునే కిక్‌స్టార్ట్ ఫైల్లో రాసుకుంటే ఎన్ని మిషన్లకైనా అదే. క్లౌడ్ వీఎం (అద్దెకు తీసుకునే వర్చువల్ మిషన్) అయితే ముందే తయారైన ఇమేజ్‌లోనే పార్టిషన్లు అయిపోయుంటాయి, ల్యాబ్‌లో ప్రాక్టీస్‌కైతే ఆటోమేటిక్ కొట్టండి, నేను వద్దనను.

చిన్న ఆఫీసు సర్వర్, 1 టీబీ అనుకోండి. రూట్ 50 జీబీ, /వార్ 150, లాగ్ ఫైళ్లు /వార్‌ని ముంచకుండా /వార్/లాగ్ 20, ర్యామ్ చూసుకుని స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా), మిగతాదంతా గ్రూపులో ఖాళీ. /వార్ నిండుతుంటే సర్వర్ ఆపకుండానే ఎల్వీ ఎక్స్‌టెండ్ (lvextend) కమాండ్‌కి మైనస్ ఆర్ (-r) తగిలిస్తే ఫైల్‌సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతాది.