అంతరిక్ష కేంద్రానికి బైపీసీ వాళ్లు కావాలి

మన మనుషుల్ని సొంత నౌకలో అంతరిక్షానికి తీసుకెళ్లే గగన్‌యాన్‌ను 2022 కల్లా పంపుతామని 2018లో ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. ఆ గడువు దాటిపోయింది. ఆలస్యం మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రాణాలతో పని కాబట్టి ఇస్రో తొందరపడకపోవడమే మంచిది. నా బెంగంతా ఆ తర్వాతి సంగతి గురించి. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం కడతామంటున్నాం. దాని తొలి భాగాన్నీ (మాడ్యూల్) కలిపి 2024లో గగన్‌యాన్ బడ్జెట్‌ను రూ.20,193 కోట్లకు పెంచారు. మరి ఆ కేంద్రంలో ఉండి పనిచేసేదెవరు?

గగన్‌యాన్ కోసం ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లే (కొత్త విమానాలను నడిపి పరీక్షించేవాళ్లు), నలుగురూ మగవాళ్లే. కొత్త నౌకలో తొలిసారి వెళ్లేటప్పుడు ఏ క్షణంలో ఏం జరుగుతుందో తెలియదు, అలాంటి చోట టెస్ట్ పైలట్లే ఉండాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అది తొలి ప్రయాణాల వరకే. రెండో జట్టులో శాస్త్రవేత్తలు, డాక్టర్లు ఉండాలి, ఆడవాళ్లు ఉండాలి.

ఆ ఎంపిక ఇప్పుడే ఎందుకంటారా? ఈ నలుగురినీ 2019లో ఎంపిక చేశారు, ఆ తర్వాత రష్యాలో శిక్షణ ఇప్పించారు. వాళ్లలో ముందుగా అంతరిక్షానికి వెళ్లిన శుభాంశు శుక్లా, గగన్‌యాన్‌లో కాకుండా అమెరికా నౌకలో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరింది 2025 జూన్‌లో. యుద్ధ విమానాలు నడిపినవాళ్లకే ఆరేళ్లు పట్టింది. ల్యాబ్ నుంచి వచ్చే మనిషికి అంతకన్నా తక్కువ పడుతుందా?

అమెరికా ఈ విషయంలో ఆలస్యం చేసి నష్టపోయింది. చంద్రుడి మీద నడిచిన 12 మందిలో వృత్తిరీత్యా శాస్త్రవేత్త ఒక్కరే, జియాలజిస్ట్ హారిసన్ ష్మిట్. ఆయన వెళ్లింది 1972 డిసెంబరులో, ఆఖరి అపోలో చంద్రయాత్రలో. ఒక బిలం అంచున నారింజ రంగు మట్టి కనపడగానే అది మామూలుది కాదని పోల్చుకున్నారు. ఎప్పుడో అగ్నిపర్వతం చిమ్మిన గాజు పూసలని తర్వాత తేలింది. అలా చూసే కన్ను చంద్రుడి మీదికి వెళ్లేసరికి అపోలోయే ముగిసిపోయింది. చైనా కూడా 2003లో తొలి మనిషిని పంపినా, సైన్యంతో సంబంధం లేని ప్రొఫెసర్‌ను పంపడానికి 2023 దాకా ఆగింది. మనమూ అన్నేళ్లు ఆగాలా?

శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెసలు, మెంతులు మొలకెత్తించారు. అప్పగించిన పని చక్కగా చేశారు. ఆ ప్రయోగం వెనక ఉన్న ధార్వాడ్ శాస్త్రవేత్తలు మాత్రం నేల మీదే ఉన్నారు. మొలక అనుకోని తీరులో పెరిగితే, అక్కడికక్కడే ప్రయోగం మార్చి చూడాలంటే ఆ శాస్త్రం చదివిన మనిషి పక్కనుండాలి.

మన ఊళ్లలో ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న అమ్మాయికి రాకెట్ తన సబ్జెక్టు కాదని ముందే చెప్పేస్తాం. ఎంపీసీ, ఆపైన కంప్యూటర్ సైన్స్ సీటు, ఆపైన ఉద్యోగం. ఇదొక్కటే దారన్నట్టు పిల్లల్ని తోలుతున్నాం. శ్రీహరికోట మన గడ్డ మీదే ఉన్నా, బోటనీ చదివే పిల్ల నెల్లూరులో డాబా మీద నిలబడి రాకెట్ పొగను చూడటమేనా? వ్యోమగాముల కోసం ఇస్రో ఇచ్చే తర్వాతి నోటిఫికేషన్‌లో పైలట్ అనుభవంతో పాటు బోటనీ, ఫిజియాలజీ, జియాలజీ అన్న మాటలు కూడా ఉండాలి. ఆ నోటిఫికేషన్ మొదటి గగన్‌యాన్ తిరిగొచ్చేదాకా ఆగకూడదు.