సెప్టిక్ ట్యాంకు దొరవారికి ఆయకట్టు రైతుల విన్నపం

దొరవారికి దండాలు.

నల్లగొండ చుట్టూ చెల్కలు వెంచర్లయినకాడల్లా ఇంటింటి కింద తమరే కొలువయిండ్రు. బ్రోచర్ల తమరి ఊసుండదు. 'లేక్ వ్యూ' అని మా చెరువు ఫొటో మాత్రం ఉంటది.

మురుగును తమరు శుద్ధి చేస్తరని లోకం నమ్మకం. తమరు చేసేదల్లా మడ్డిని అడుగుకు దించుడు, జిడ్డును పైకి తేల్చుడు. మధ్యల తేటగ కనబడే నీళ్లల్ల నత్రజని అమ్మోనియాగా మారి దర్జాగా బయటికొస్తది. ఇంకుడు గుంతల దిగి, మట్టిల నైట్రేటై బోరుకు చేరుతది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే తాగే నీళ్లు కావు. ఫ్లోరైడ్ చాలలేదు నల్లగొండకు! గుంత తవ్వే ఖర్చెందుకని పైపును మోరీల కలిపితే బోరు బతికి చెరువు చస్తది.

మనిషి రోజుకు సుమారు 10 గ్రాముల నత్రజని విడుస్తడు, ఎక్కువ భాగం మూత్రంలనే. నూరిండ్లు, ఇంటికి నలుగురు: రోజుకు 4 కిలోలు, ఏడాదికి 1,460. యూరియా 45 కిలోల బస్తాల నత్రజని 20.7 కిలోలు. అంటే ఏటా 70 బస్తాలు! దార్ల కొంత పోయినా మిగిలేది తక్కువేం కాదు. రైతు రెండు బస్తాలకు ఆధార్ పట్టుకొని, చెప్పులు లైన్ల పెట్టి నిలబడాలె. చెరువుల గుర్రపుడెక్కకు ఏ లైనూ లేదు. ఇగ అదే మురుగుల ఉండే భాస్వరమైతే, ఒక్క గ్రాముకు నూరు గ్రాములకు పైగా ఎండు నాచును పెంచగలదు.

ఇంగ్లండ్‌ల చెడిపోతున్న కొన్ని నదుల పరీవాహకంల ఇండ్లు కట్టాలంటే, ఏటా నత్రజనో భాస్వరమో ఎన్ని కిలోలు నీళ్లల్ల కలుస్తదో లెక్కగట్టాలె. అదే భూమి పొలంగ ఉన్నప్పుడు కారిన ఎరువును అందుల తీసేసి, మిగిలినదానికి 20 శాతం కలిపి, అదే పరీవాహకంల ఇంకోతాన అంత తగ్గించాలె: చిత్తడి నేల పెంచో, ఎరువుల సాగు మాన్పించో. ఇంకొకరు తగ్గించిన ఆ కిలోలనే కట్టేటోళ్లు 'క్రెడిట్లు'గా కొంటరు. ఇండ్లు ఆగినయని బిల్డర్లు మొత్తుకుంటే 2023ల ప్రభుత్వం ఈ నిబంధనను సడలించబోయింది. అక్కడి పార్లమెంటు ఎగువ సభ, ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్), ఓడగొట్టింది. మనకాడ పరిహారమంటే గేటుకాడ నాలుగు కోనోకార్పస్ మొక్కలు.

వీటిని పీల్చేటందుకు వాగు చెరువుల కలిసేకాడ జమ్ము పెంచినా సరిపోదు, కోసి గట్టు దాటించాలె. అక్కడనే మురిగితే తిన్న భాస్వరం చాలామట్టుకు మళ్ల నీళ్లల్ల కక్కుతది. ఆ కోతకూలి ఎవరిస్తరు?

నత్రజని పట్టుడు తమరి వశం కాదని తెలుసు. కనీసం అవుట్‌లెట్‌కు ఊడిపోయిన 'T' ఆకారం పైపు బిగించుకోండ్రి, జిడ్డు ఆగి ఇంకుడు గుంత పూడకుండ ఉంటది. రెండు మూడేండ్లకోసారి మడ్డి తీయించుకోండ్రి. ఆ ట్యాంకరు డ్రైవరుకు మాత్రం అర్ధరాత్రి మా వాగు దారి చూపకండ్రి.

ఇట్లు,
తమరి మోరీ కింది మడికట్లోళ్లు